అల్లుడుగారు అలగలేదు

ఫైటర్ చేప మూలకి చేరి, రెక్కలు ముడుచుకుని, తిండి దగ్గరికి రాకపోతే అలిగిందని నవ్వుకోకండి. ముందు ఒక టార్చిలైటు తీసుకుని పక్కనుంచి వేసి చూడండి. ఇంతే చెబుదామని మొదలుపెట్టాను. కానీ ఒక మాట చెప్పాలంటే నాకు దాని వెనకున్న పది మాటలూ తోసుకొచ్చేస్తాయి. అందుకని మొత్తం చెప్పేస్తాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

నాది రేడియేటర్లు బాగుచేసే షాపు. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. లారీలు, వ్యాన్లు, కార్లు వేడెక్కి పొగలు కక్కుతూ వచ్చి మా గుమ్మం ముందు ఆగుతాయి. రేడియేటరు విప్పుతాను, నీళ్ళ తొట్టిలో ముంచుతాను, గాలి పెడతాను. బుడగ ఎక్కడ వస్తే అక్కడ చిల్లు. అతుకు వేసి పంపించేస్తాను. మనుషుల్ని కూడా అలా ముంచి చూసుకునే వీలుంటే ఎంత బాగుండునో అని ఆ ఏడు వానాకాలంలో చాలాసార్లు అనుకున్నాను.

ఎందుకంటే మా ఆవిడ మంచం దిగడం మానేసింది.

"ఏమైంది?" అని అందరూ అడిగేవారు. ఏమీ కాలేదు. అదే ఎవరికీ చెప్పలేకపోయేవాడిని. ఎవరూ పోలేదు, ఎవరితోనూ గొడవ లేదు. పిల్లలు లేరన్న దిగులు పాతదైపోయింది, దానికి ఎప్పుడో సర్దుకున్నాం అనుకునేవాడిని. జ్వరం లేదు. రక్తం తీయించాను, అంతా బాగానే ఉందన్నారు. అయినా మనిషి లేవదు. కిటికీకి పరదా వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటుంది. కంచం పట్టుకెళ్తే రెండు ముద్దలు తిని పక్కకి జరిపేస్తుంది. మా అక్క ఒకసారి వచ్చి చూసి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ తేల్చేసింది.

"రోగం కాదురా, అలక. దేనికి అలిగిందో కనుక్కో, అదే లేచి కూర్చుంటుంది."

నేనూ నమ్మాను. చీర తెచ్చాను. గోడలకి రంగు వేయించాను. ఏదైనా ఊరు వెళ్దామా అన్నాను. దేనికీ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడు దిగాడు మా బావమరిది. స్కూలు వ్యాను నడుపుతాడు. రోజంతా పిల్లల గోలలో ఉండి ఉండి మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. చేతిలో నీళ్ళ సంచి, అందులో ఎర్రటి ఫైటర్ చేప. బొటనవేలంత ఉంది గానీ, తోక చూస్తే పట్టుపంచె కుచ్చిళ్ళు వదిలినట్టుంది. సరాసరి లోపలికెళ్ళి ఆ సంచి వాళ్ళక్క మొహం ముందు పెట్టాడు.

"అక్కా, లే. అల్లుడొచ్చాడు."

మా ఆవిడ కళ్ళు తెరిచింది.

"కూతురు లేకపోతే అల్లుడు రాకూడదని ఎక్కడుంది? చూడు ఎలా ఉన్నాడో. పని చెయ్యడు. మనం పెట్టింది తింటాడు. అద్దంలో మొహం చూసుకుని మీసం దువ్వుతాడు. ఇంతకన్నా అల్లుడి లక్షణాలు ఏం కావాలి?"

ఆవిడ నవ్వలేదు. కానీ సంచి వైపు చెయ్యి చాపింది. వేలు దగ్గరికి రాగానే ఆ చేప చెంపల పక్కన పొరలు పొంగించి, తోక విప్పి, మీదకొచ్చింది.

"బాబోయ్, కోపమే," అంది. చాలా రోజుల తరవాత ఆ గదిలో విన్న మాట అది.

అప్పటినుంచి పొద్దున్నే లేచేది. మీరు నమ్మండి నమ్మకపోండి, అల్లుడుగారికి టిఫిను పెట్టడానికి లేచేది. గాజు తొట్టి హాల్లో స్టూలు మీద పెట్టాం. జుట్టు ముడేసుకుంటూ వచ్చి, మూత తీసి, మేత గుళికలు ఒక్కొక్కటీ వేలి కొసన పెట్టి వేసేది. "అల్లుడుగారూ, లేవండి. ఎండెక్కింది" అని పిలిచేది. ఆయన వచ్చేవాడు, పొంగేవాడు, తినేవాడు. ఈవిడ కాసేపు అక్కడే కూర్చునేది. ఒక్కోరోజు అలాగే స్నానానికి కూడా వెళ్ళేది. ఒక్కోరోజు తిరిగి వెళ్ళి పడుకునేది. కానీ లేచేది. నాకు అదే చాలు. షాపులో అతుకులు వేస్తూ చెవి ఇంటివైపు పడేసి ఉంచేవాడిని. మూత తీసిన చప్పుడు వినపడితే ఆ రోజుకి గట్టెక్కినట్టే.

ముసురు పట్టింది. బట్టలు ఆరవు, గోడలు చెమ్మగిల్లాయి. వానాకాలంలో బళ్ళు వేడెక్కవు కాబట్టి నాకు పని లేదు. ఆ చల్లదనంలోనే ఒకరోజు అల్లుడుగారు తొట్టి మూలకి వెళ్ళి కూర్చున్నాడు. తోక ముడిచిన గొడుగులా అయిపోయింది. పిలిస్తే రాలేదు. గుళిక ముక్కు ముందు నుంచి పోతున్నా చూడలేదు.

బావమరిది వచ్చి వంగి చూసి తొడ కొట్టుకున్నాడు. "బావా, చెప్పలేదా? అల్లుడు అలిగాడు! ఇంకా నయం, ఇన్నాళ్ళు ఆగాడు. బండి కొనిపెట్టమంటున్నాడేమో అడుగు."

నేనూ నవ్వాను. ఆవిడ కూడా కొద్దిగా నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ఇంకా రెచ్చిపోయాను. అలక తీరుద్దామని తొట్టిలో రంగు రాళ్ళు వేశాను, ప్లాస్టిక్ మొక్క పెట్టాను. గాజుకి అద్దం ముక్క ఆనించాను, కోపం వస్తే లేస్తాడని. లేవలేదు. ఒకసారి మాత్రం చటుక్కున కదిలి, ఒంటి పక్కలు ఆ రాళ్ళకేసి రుద్దుకుని మళ్ళీ మూలకి పోయాడు.

"చూశావా, కొత్త రాళ్ళు నచ్చాయి. ఆడుకుంటున్నాడు," అన్నాను.

గుళిక ఆవిడ వేలి కొసనే ఉంది. దాన్ని అలాగే డబ్బాలో వేసేసి, మూత పెట్టి, గదిలోకి వెళ్ళి పరదా వేసుకుంది.

మర్నాడు మూత చప్పుడు వినపడలేదు. ఆ మర్నాడు కూడా.

"ఏమోయ్, అల్లుడుగారు ఎదురు చూస్తున్నాడు," అన్నాను గుమ్మంలో నిలబడి.

"తినట్లేదుగా," అంది గోడకే. "మీరు వెయ్యండి."

"నేను వేస్తే తింటాడా? నువ్వు రా."

"నా వల్ల కాదు. వదిలెయ్యండి నన్ను."

గొంతులో కోపం ఉంటే బాగుండేది. కోపం లేదు. నీళ్ళు ఇంకిపోయిన బావిలోంచి మాట్లాడినట్టుంది. షాపులోకి వచ్చి కూర్చున్నాను. చేప పోతే ఈ మనిషి ఇంక లేవదు. నాకు అంతకన్నా తట్టలేదు. ఆ చేపని ఎలాగైనా బతికించాలి.

చేపల షాపు మార్కెట్టు వెనక ఉంది. నడిపేది కళ్ళజోడాయన. పేరు ఎప్పుడూ అడగలేదు. తొట్ల మధ్య దూరి ఎప్పుడూ ఏదో కడుగుతుంటాడు, మొహం చూసి మాట్లాడడు.

"ఏం చేస్తోంది?" అన్నాడు పైపు పట్టుకునే.

"అలిగింది."

ఇప్పుడు తలెత్తాడు. "ఏంటీ?"

చెప్పాను. మూల, ముడుచుకున్న తోక, తిండి మానడం. రాళ్ళకి రుద్దుకుంటోందని చెప్పగానే పైపు కట్టేశాడు.

"ఆడుకోవట్లేదన్నా. దురద. కంటికి కనపడని పురుగు ఒళ్ళంతా పాకేసి ఉంటుంది. గది చీకటి చేసి టార్చి పక్కనుంచి వెయ్యి. ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు ఉంటే తుప్పు రోగం. మామూలు వెలుతుర్లో కనపడదు, అందుకే అందరూ ఆలస్యంగా వస్తారు."

తుప్పు సంగతి నాకు తెలుసు. పైకి కనపడేసరికి లోపల తినేసి ఉంటుంది.

ఆకుపచ్చ మందు సీసా ఇచ్చాడు. "ఇందులో రాగి ఉంటుంది. పురుగునీ చంపుతుంది, చేపనీ చంపుతుంది. తేడా చుక్కల్లోనే ఉంది. సీసా మీద రాసినంతే, ఒక్క చుక్క ఎక్కువ వద్దు. కాస్త ఉప్పు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. తొట్టికి ముసుగు వేసెయ్యి, ఆ పురుగుకి వెలుతురు ఉంటేనే బలం. చేప చీకట్లో ఉన్నా ఏం కాదు."

ఇంటికొచ్చి తలుపులు మూసి టార్చి వేశాను. ఆ ఎర్రటి ఒంటి మీద, తల దగ్గర నుంచి తోక మొదలు దాకా, సన్నటి పసుపు దుమ్ము. చూడ్డానికి అందంగా ఉంది, అదీ ఘోరం. అల్లుడుగారికి నగలు పెట్టినట్టుంది. దవడలు ఎగదోస్తూ ఊపిరి పీలుస్తున్నాడు. ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నాడో, మేము ముగ్గురం చుట్టూ చేరి జోకులు వేసుకున్నాం.

ఆవిడకి చెప్పకూడదు అనుకున్నాను. చెబితే ఇంకా కుంగిపోతుంది. నయమయ్యాక చెబుదాం, లేచి వచ్చి చూసుకుంటుంది. సీట్ల కవర్లు కుట్టే పక్క షాపాయన దగ్గర నల్ల రెక్సిన్ ముక్క అడిగి తెచ్చి తొట్టికి నాలుగు వైపులా చుట్టాను.

"అదేంటి, అలా కప్పారు?" అంది గదిలోంచి, స్నానాలగది వైపు పోతూ.

"చలి కదా. అల్లుడుగారికి కోటు."

నా వైపు ఒక్క క్షణం చూసింది. వెళ్ళిపోయింది.

ఆవిడ పడుకున్నాక చుక్కలు వేసేవాడిని. సీసాలో వేడినీళ్ళు పోసి తొట్టిలో తేలేసేవాడిని, చల్లారగానే మార్చేవాడిని. వానకి కరెంటు పోతూ వస్తూ ఉంటే ఇంకేం చేస్తాను? షాపులో ఎవరైనా పిలిచినా "వస్తున్నా" అని అరిచి ముందు సీసా మార్చేవాడిని. బావమరిది ఫోన్ చేస్తే వాడితో మాత్రం చెప్పాను.

"ఇంకోటి కొనేద్దాం బావా. అచ్చు అలాంటిదే. అక్కకి ఏం తెలుస్తుంది?"

"నీకు వేరే అక్కని కొనిస్తే తెలీదా?"

వాడు మాట్లాడలేదు. వాడు మాట్లాడకపోవడం అదే మొదటిసారి అనుకుంటా. కాసేపటికి, "అక్క ఎలా ఉంది?" అన్నాడు నెమ్మదిగా.

"అలాగే."

మందు పడింది కాబట్టి కుదుటపడాలి. పడలేదు. రోజురోజుకీ దిగజారాడు. మూల వదిలేసి ఇప్పుడు అడుక్కి చేరాడు. గాలి కోసం పైకి రాబోయి, మధ్యలోనే ఒరిగిపోయి, ఎండుటాకులా తిరుగుతూ కిందకి దిగేవాడు. పసుపు దుమ్ము తగ్గినట్టే ఉంది. కానీ తోక చివర్లు కాలిన కాగితంలా నల్లబడి రాలుతున్నాయి. లెక్కకి సరిపోని జబ్బు. నా పద్ధతిలో ఆలోచించాను. రేడియేటరు లోపల చెత్త పేరుకుంటే ఏం చేస్తాం? మొత్తం ఖాళీ చేసి కొత్త నీళ్ళతో కడిగి నింపుతాం. అలాగే నీళ్ళన్నీ తోడేసి, కొత్తవి పోసి, మళ్ళీ మందు వేశాను. మధ్యాహ్నానికి చేప పక్కకి పడిపోయి ఉంది. ఒక కన్ను పైకి. చెంప మాత్రం కొట్టుకుంటోంది.

ఆ మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్ళి మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. ఏడ్చానో లేదో గుర్తులేదు.

"ఏమే, నాతో ఒక్కమాట మాట్లాడు. తిట్టు పోనీ."

ఆవిడ చెయ్యి నా తల మీద పెట్టింది. ఆ చెయ్యి తడిగా ఉంది, చల్లగా ఉంది. నేను పట్టించుకోలేదు.

"అన్నం తిన్నారా?" అంది.

"లేదు."

"తినండి," అని చెయ్యి తీసేసుకుంది. అంతే.

ఇంక బలమైన మందేదైనా ఉందేమో అడుగుదామని వానలోనే చేపల షాపుకి పరిగెత్తాను. కళ్ళజోడాయన ఎవరికో నీళ్ళ సంచి కట్టి ఇస్తున్నాడు. నన్ను చూసి విసుక్కున్నాడు.

"మళ్ళీ ఏంటన్నా? మొన్ననే కదా ఇంకో సీసా పట్టుకెళ్ళారు మీ ఇంటికి."

"నేనా? నేను రాలేదే."

"నువ్వు కాదు. ఒకావిడ వచ్చింది. గొడుగు లేదు, మొత్తం తడిసిపోయి ఉంది. అల్లుడికి బాగోలేదండీ అంది. మనుషుల మందుల షాపు అటు ఉందమ్మా అన్నాను. కాదండీ, రేడియేటర్ల షాపులో ఉండే చేప అల్లుడు అంది. అక్కడే కూర్చోబెట్టి చెప్పాను, నీకు చెప్పినట్టే. ఉప్పు, చుక్కలు, ముసుగు. తలూపుతూ విన్నది. వెళ్ళడానికి లేచి గుమ్మం దగ్గర చాలాసేపు అలాగే నిలబడిపోయింది. ఆటో పిలవనా అంటే వద్దు, నడిచే వెళ్తానంది."

నేను ఆ తొట్ల మధ్య నిలబడిపోయాను. మంచం మీద నుంచి గుమ్మం దాకా రాని మనిషి. వీధి దాటి, మార్కెట్టు దాటి, వానలో, ఒక్కతే. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. అరవాలనిపించింది, ఎవరినైనా కౌగిలించుకోవాలనిపించింది. నోరు తెరిచాను కూడా.

అప్పుడు తట్టింది. ఆవిడా వేస్తోంది. నేనూ వేస్తున్నాను.

కళ్ళజోడాయనకీ అప్పుడే తట్టినట్టుంది. "అన్నా, ఇద్దరూ వేస్తున్నారా?" అన్నాడు.

ఎలా వచ్చానో తెలీదు. చెప్పు ఒకటి దారిలో ఎక్కడో ఊడిపోయింది. తలుపు తోసుకుని వెళ్ళేసరికి మా ఆవిడ హాల్లో ఉంది. రెక్సిన్ ముసుగు ఒకవైపు ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో ఆకుపచ్చ సీసా వంచుతోంది.

"ఆగు! వెయ్యకు!"

ఆవిడ ఉలిక్కిపడింది. చుక్క నేల మీద పడింది. నన్ను చూసింది, నా ఒంటికాలి చెప్పు చూసింది. నేను జేబులోంచి నా సీసా తీసి పట్టుకున్నాను. రెండు సీసాలూ ఒకటే.

"మీరు కూడానా?" అంది.

"నువ్వు ఎప్పటినుంచి?"

"ఆ కోటు వేసిన దగ్గర్నుంచి. చలికి కోటేంటి, చేపకి? నేను వెర్రిదాన్నా? మీరు షాపులో ఉన్నప్పుడు టార్చి పట్టుకుని చూశాను." గొంతు పెరిగింది. "ఉప్పు?"

"వేశాను."

"నేనూ వేశాను! పొద్దున నీళ్ళు కొత్తగా ఉన్నాయేంటా అనుకున్నాను. మొత్తం తోడేశారా?"

"ఫ్లషింగ్..."

"ఫ్లషింగా! అదేమన్నా లారీనా? మీకు బుర్రుందా అసలు? ఒక్క ముక్క చెప్పొచ్చుగా నాతో!"

"నువ్వు చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు చేపని చూడరు. నన్ను చూస్తూ కూర్చుంటారు. లేచింది, నడిచింది, తిన్నది, పడుకుంది అని. నాకు ఊపిరాడదు అలా చూస్తుంటే." అని, కళ్ళు తుడుచుకుని, "నిలబడ్డారేంటి? నీళ్ళు పెట్టండి. కాచి, చల్లార్చి, కొంచెం కొంచెంగా మార్చాలి. అన్నీ ఒకేసారి కాదు!" అని గదమాయించింది.

పొయ్యి వెలిగించాను. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తీశాం. నేను మోసుకొస్తే ఆవిడ మోచెయ్యి ముంచి చూసి, వేడి అంటే వేడి, చల్లన అంటే చల్లన, తిప్పి పంపేది. కప్పుతో కొద్దికొద్దిగా తీసి, కప్పుతో కొద్దికొద్దిగా పోసేది. తీసిన నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉన్నాయి. ఆ రంగు పోయేదాకా చేస్తూనే ఉన్నాం. బయట వాన ఆగింది, మళ్ళీ మొదలైంది. ఎవరో షాపు తలుపు కొట్టి వెళ్ళిపోయారు.

అల్లుడుగారు అడుగున పక్కకి పడి ఉన్నాడు. ఒకసారి గాలి కోసం లేవబోయాడు. సగం దూరం వచ్చాడు, తిరగబడ్డాడు, పడిపోయాడు. నేను "లే రా, లే" అన్నాను, పిచ్చిగా, గాజు మీద తడుతూ.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అలా తట్టకండి. లేవాలని లేక కాదు వాడు లేవనిది."

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ చేపనే చూస్తోంది.

"పైకి రావాలని వాడికీ ఉంటుంది. పైన గాలి ఉందని తెలుసు. ఎంత దూరమో కూడా తెలుసు. బలం చాలదు. అంతే. మొన్న చేపల షాపుకి బయల్దేరి వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ తిరిగొచ్చాను. కాళ్ళు నావి కానట్టు ఉన్నాయి. మీ అక్క అలక అంటుంది. ఎవరి మీద అలగను? నాకెవరి మీదా కోపం లేదండీ. కోపం రావడానికి కూడా ఓపిక కావాలి."

ఖాళీ కప్పు అందుకుని నీళ్ళు తేవడానికి వెళ్ళాను. పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలో నీళ్ళు చూస్తూ ఉండిపోయాను. అవి మరుగుతున్నా దించలేదు.

వెడల్పు గిన్నెలో నీళ్ళు తక్కువగా పోసి చేపని అందులోకి మార్చాలని ఆవిడే అంది, గాజుకి తలానించి చూస్తూ. పైకి రావడానికి ఎక్కువ దూరం ఉండకుండా. అరచేతుల్లో ఎత్తి మార్చింది. ఆ గిన్నెలో, ఒంటికి నీళ్ళు తగిలీ తగలనట్టు ఉంటే, నోరు పైకి పెట్టి గాలి పీల్చుకున్నాడు. ఆవిడ ఆ గిన్నె పక్కన నుంచి కదల్లేదు. అక్కడే తింది, అక్కడే కునుకు తీసింది. నేను వేడి సీసాలు అందించాను. ఒకసారి తోక కాస్త విప్పాడు. ఒకసారి వేలు చూపిస్తే చెంపలు పొంగించబోయాడు, పూర్తిగా రాలేదు. బావమరిది వ్యాను ఆపుకుని వచ్చి, చెప్పులు బయట విప్పి, ఏ జోకూ వెయ్యకుండా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"బతుకుతాడు బావా. చూడు, చెంప కొట్టుకుంటోంది."

బతకలేదు. నేను షాపులో ఒక లారీ రేడియేటరు విప్పుతుంటే లోపల్నుంచి ఆవిడ గొంతు వినపడింది. అరవలేదు. "ఏమండీ, ఒకసారి రండి," అంది అంతే. వెళ్ళేసరికి గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఎరుపు పోయి పాలిపోయి ఉన్నాడు. ఆవిడే పెరట్లో మట్టి తవ్వింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. చేతులు కడుక్కుని, చీర కొంగుతో తుడుచుకుని, గదిలోకి వెళ్ళి పరదా వేసుకుంది.

నేను భయపడ్డదంతా జరిగింది. పొద్దున్నే లేవలేదు. మూత తీసి పిలవడానికి అల్లుడుగారే లేడు. ఆ మర్నాడూ లేవలేదు. నీళ్ళు కూడా వద్దంది. నేను చీర గురించి, ఊళ్ళు తిరగడం గురించి ఎత్తలేదు. ఇంకో చేప తెస్తానని అనలేదు. బావమరిది ఫోన్ చేసి, "అక్కని లేపు బావా, బలవంతంగానైనా లేపు, మంచి మాట చెప్పు," అన్నాడు.

"లేపను," అన్నాను. "లేవలేని మనిషిని లేపితే ఏమొస్తుంది? నువ్వు వ్యాను తీసుకురా. పిల్లల్ని దింపేశాక రా."

"ఎక్కడికి?"

"మనసుకి చూసే డాక్టరు ఉంటారట కదా పెద్దాసుపత్రిలో. అక్కడికి."

"వెర్రి అనుకుంటారు బావా అందరూ. మీ అక్క ఊరంతా చెప్తుంది."

"చెప్పనీ."

గదిలోకి వెళ్ళాను. పరదా తియ్యలేదు, దీపం వెయ్యలేదు. మంచం పక్కన కూర్చుని మామూలుగా అడిగాను, కాలు విరిగిన మనిషిని అడిగినట్టు.

"ఇవాళ ఎంత బరువుగా ఉంది?"

"చాలా," అంది.

"వ్యాను గుమ్మం ముందుకే వస్తుంది. నువ్వు నడవక్కర్లేదు. నడవగలిగినంత నడువు, మిగతాది మేం చూసుకుంటాం. డాక్టరుకి చూపిద్దాం."

"దేనికి చూపిస్తారు? ఏం ఉందని చెప్తారు?"

"జబ్బు ఉందని చెప్తాను."

గోడవైపు ఉన్న తల నెమ్మదిగా ఇటు తిరిగింది. ఆ చీకట్లో మొహం సరిగ్గా కనపడలేదు. నా మీద చెయ్యి వేసి, దాని ఆసరాతో లేచి కూర్చుంది. గుమ్మం దాకా రావడానికి మధ్యలో కుర్చీలో ఒకసారి కూర్చుంది. నేను తొందరపెట్టలేదు. బావమరిది హారన్ కొట్టలేదు. చిన్నపిల్లలు ఎక్కే మెట్టు బయటికి లాగి, దాని పక్కనే వానలో నిలబడి ఉన్నాడు.

ఆసుపత్రిలో బెంచీ మీద మా ముందు చాలామంది ఉన్నారు. అందరూ నేలవైపు చూస్తున్నారు. మా వంతు వచ్చింది. డాక్టరు చిన్నావిడ, మా షాపుకి వచ్చే ఏ బండి డ్రైవరు కూతురో అన్నంత వయసు. కూర్చోమంది. కాగితాలేవీ అడగలేదు.

"చెప్పండి, ఎప్పటినుంచి ఇలా ఉంది?" అంది, మమ్మల్నిద్దర్నీ చూస్తూ.

నాకు తెలుసుగా. దారంతా మనసులో వరసగా పేర్చుకుంటూ వచ్చాను, ఎండాకాలం చివర్లో మంచం పట్టిందని, తిండి తగ్గిందని, రక్తం బాగానే ఉందని. "ఎండాకాలం చివర్లోనండీ..." అని అందుకున్నాను.

మా ఆవిడ బల్ల కింద నా చెయ్యి నొక్కింది. నోరు మూసుకున్నాను.

"కాదమ్మా," అంది డాక్టరుతో. ఆ గొంతు సన్నగా ఉంది, కానీ ఆగలేదు. "చాలా ఏళ్ళయింది. ఈయనకి తెలీదు."